కడిగేసిన నెత్తురు

ఓట్ల రోజు జమ్మలమడుగు దగ్గర పడిన బాంబు ఈశ్వరయ్య తొడను చీల్చేసింది.

అన్న సిద్దయ్య అతణ్ని జీపులో వేసుకుని ప్రొద్దుటూరు ఆసుపత్రికి తెచ్చాడు. సిద్దయ్యదే కాదు, వెంట వచ్చిన మనుషుల్లో ఒక్కరి నెత్తురూ కలవలేదు.

డాక్టరు పద్మనాభయ్య ఎవరికో కబురు పంపి, ఆపరేషన్ గదిలోకి వెళ్లిపోయాడు.

సిద్దయ్య కొడవలితో వాకిట్లో నిలబడ్డాడు. ఎదుటి పార్టీవాళ్లు మంచంలో ఉన్నవాణ్ని కూడా వదలరు.

ఒకామె రొప్పుతూ మెట్లెక్కింది.

“యాడికి?”

“డాక్టరు సారు రమ్మన్నాడప్పా. నెత్తురియ్యాల.”

సిద్దయ్య ఎగాదిగా చూశాడు.

“లారీ జియావుల్లా పెండ్లానివి కదూ, జానీబీ? వాడు ఎయిడ్స్‌తో సచ్చినాడు.”

“సచ్చి శానా ఏండ్లాయ. నాకు ల్యాదప్పా ఆ రోగం.”

“మొగునికుండి నీకు ల్యాదా? కాపరం చేసినావా, కాపలా కాసినావా?”

మనుషులు నవ్వారు. జానీబీ నవ్వలేదు.

“మనిషి పోతాండాడంట. దారియ్యప్పా.”

ఆ తొందరే సిద్దయ్యకు అనుమానం పెంచింది. బాంబుతో పోని ప్రాణాన్ని రోగంతో తీయాలని ఎదుటి పార్టీవాళ్లే పంపారనుకున్నాడు.

“ఎవురు పంపినారు నిన్ను?”

“సారునే అడుగు పో.”

ఆమె తలుపు మీద చెయ్యి వేసింది.

పొట్టేలు తలను ఒక్క వేటుకు తీసే చెయ్యి సిద్దయ్యది. కొడవలి జానీబీ మెడ మీద పడింది.

“నా నెత్తురు మంచిదప్పా,” అంటూ ఆమె మెట్ల మీద కూలిపోయింది. మళ్లీ కదల్లేదు.

ఆ నెత్తురు సిద్దయ్య చేతుల మీద చిందింది.

శవాన్ని పక్కకు ఈడ్పించాడు. సీసా ఫినాయిలు మెట్ల మీద కుమ్మరించాడు. చర్మం మండేదాకా చేతులు రుద్దుకున్నాడు.

తలుపు తెరుచుకుంది.

“జానీబీ వచ్చిందా?” అన్నాడు డాక్టరు.

“రోగిష్టిదాన్ని పిలిపిస్తివా సారూ?”

“యాడి రోగం? ఏండ్ల తరబడి పరీక్ష చేస్తాండా. మొగుని రోగాన్ని దగ్గరికి రానీలేదు ఆమె ఒళ్లు. ఏ కొందరికో అట్ల ఉంటాది. అదెట్ల తట్టుకునిందో తెలిస్తే అందరికీ మందు దొరుకుతాదని, పెద్ద డాక్టర్లు ఆ నెత్తురడిగి తీసకపోతాండారు. నీ తమ్మునికి కలిసేదీ అదొక్కటే. తొందరగా పిలువు సిద్దయ్యా.”

సిద్దయ్య మెట్ల వైపు చూశాడు.

తమ్ముడి ప్రాణం ఫినాయిలు నీళ్లలో కలిసి కాలవలోకి పోతోంది.