బల్లపరుపు పురుగు

జీపు ఇంటి ముందే ఆగింది. సుమిత్ర మొగుడి పాత కళ్లద్దాలు తెచ్చి తమ్ముడి ముక్కు మీద పెట్టింది.

"ఎవలడిగినా నువ్వే మా ఇంటాయనవు. లెక్చరర్‌వు. ఇన్నవా తమ్మీ?"

ముత్యం తల దించుకున్నాడు. తోడబుట్టినదాన్ని పెళ్లామని చెప్పుకోవాలి, ఎంత కర్మ. కానీ దళంలోంచి జ్వరంతో వచ్చి అక్క ఇంట్లో పడి ఉన్నవాడు. గుర్తుపట్టారా, రేపటి పేపర్లో ఎన్‌కౌంటరే.

బావ జలపతి కాలేజీలో జువాలజీ చెబుతాడు. పరీక్ష పేపర్లు దిద్దడానికి జగిత్యాల పోయాడు. కోరుట్లలో ఆ వాడకు వాళ్లు కొత్త. మొగుడెవరో తమ్ముడెవరో పోల్చేవాళ్లు లేరు.

ఎస్సై వచ్చి కుర్చీ లాక్కున్నాడు. వెంట వచ్చిన కానిస్టేబుల్ తుపాకీతో గుమ్మంలో నిలబడ్డాడు. కోస్తా మనిషి. మర్యాదగానే మాట్లాడాడు.

"ఈయన ఎవరమ్మా?"

"మా సారు. కాలేజీల జువాలజీ చెప్తడు."

అబద్ధం ఆడినా అతికినట్టుండాలంటారు. అతికినట్టే ఆడింది మహాతల్లి.

"అలాగా. నేనూ బీయస్సీ జువాలజీనే," అన్నాడు ఎస్సై. "మాటలదేముంది, ఎవరైనా చెబుతారు. సముద్రంలో బల్లపరుపు పురుగు ఉంటుంది చూడండి, అది ఎక్కడ బతుకుతుంది మాస్టారూ?"

ముత్యం ఇంటర్ బావ దగ్గరే చదివాడు గానీ, పరీక్ష రాయకుండానే అడవి పట్టాడు.

"ఒడ్డు దగ్గర సార్. రాళ్ల కింద, పగడాల సందుల్ల," అన్నాడు ముత్యం. "కాగితం లెక్క పలుచగుంటది. గుండె లేదు, ఊపిరితిత్తులు లేవు. చర్మంతోనే గాలి పీలుస్తది."

"నోరు?"

"తలకు కాదు. కడుపు కింద, నడిమిట్ల."

"మరి మలద్వారం?"

ముత్యం కళ్లద్దాలు సర్దుకున్నాడు. కానిస్టేబుల్ తుపాకీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చాడు. ఎములాడ రాజన్నా, ఈ గండం దాటించు, నీకు కోడెను కడతానని మొక్కుకుంది సుమిత్ర.

"ఉండదు సార్. తిన్న నోటితోనే కక్కాలె."

ఎస్సై పకపకా నవ్వాడు. "భలే. మీరు లెక్చరరే, ఇక అనుమానం లేదు."

సుమిత్రకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది. కళ్లు తుడుచుకుంటూ స్టవ్ ముట్టించింది.

"చాయ తాగి పోతరా సార్?"

ఎస్సై జీపు దగ్గరికి వెళ్లి వైర్‌లెస్ అందుకున్నాడు.

"దొరికాడు సార్, పాఠాల పేరుతో కుర్రాళ్లను అడవికి పంపుతున్న ఆ జువాలజీ లెక్చరర్."