చెట్టు కింద పిలుపు

"మెదడు పని చెయ్యటం లేదమ్మా. ఈ గీత చూడు, ఎక్కడైనా కదులుతోందా?" డాక్టరు గాయత్రి తెర చూపించింది. "ఆ ఊపిరి మిషనుది. మనిషి లేడు. సాయంత్రం ఇంకోసారి చూసి మిషను తీసేస్తాం."

సోములమ్మ మొగుడి చెయ్యి పట్టుకుంది. వెచ్చగానే ఉంది. వెచ్చగా ఉన్న మనిషిని పట్టుకుని లేడంటుందేమిటీవిడ!

"లేకపోతే మరెక్కడికెల్లిపోనాడమ్మా?"

గాయత్రి పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయింది.

ఊళ్లో జ్వరానికైనా గాలిధూళికైనా మంత్రం వేసే దిశారి దగ్గరికే పోతారు. సోములమ్మా పరుగెత్తింది.

"బెదిరిన జీవి పడ్డకాడే ఉండిపోతాది," అన్నాడు దిశారి. "ఆడు పడ్డ సెట్టుకాడికెల్లి పేరెట్టి పిలు. ఆడ రాయొకటి కొంగున ముడేసుకో. ఎనక్కి సూడకుండా వచ్చెయ్."

"ఓలమ్మో! పెనిమిటి పేరు నానెలా పలుకుతాను?"

"పలకాల మరి."

మిరియాలు కోస్తూ మొగుడు పడిపోయిన సిల్వర్‌ఓక్ చెట్టు కాఫీ తోట చివర ఉంది. పాడు చెట్టు! నిరుడు మొగుడి తమ్ముడు మంగ్లు పడి ప్రాణం విడిచిందీ దాని మీంచే.

సోములమ్మ దాని కింద నిలబడి నోరు తెరిచింది. పేరు నాలిక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. పలికితే మొగుడి ఆయుష్షు తగ్గుతుందని అత్త చెప్పింది. ఇంకా ఏం తగ్గాలి పాపం! అయినా నోరు రాలేదు. తన గొంతు ఆయనకు తెలీదా ఏం?

"ఓయ్, ఇనబడతందా? ఇంటికెల్లిపోదాం, రా. బేగి రా!"

గాలి లేదు. పైన మిరియాల తీగ మాత్రం ఊగింది. ఆమె చెట్టు మొదట్లో ఒక రాయి ఏరుకుంది. రాయి ముడేసుకుని గబగబా నడిచింది. వెనకాల ఎండుటాకులు నలుగుతూనే ఉన్నాయి. తిరిగి చూడలేదు.

ఆస్పత్రిలో ముడి విప్పి రాయిని మొగుడి అరచేతిలో పెట్టింది. తెర మీద గీత ఒక్కసారి ఎగిరింది. మళ్లీ ఎగిరింది.

"సుక్రూ! సుక్రూ!" గాయత్రి అతని మీదకి వంగి పిలిచింది. అతను పలకలేదు. కానీ తనంతట తనే ఊపిరి తీశాడు. ఊపిరి గొట్టం తీసేశారు. కాసేపటికి కళ్లు తెరిచాడు.

"వచ్చీసినావా!" సోములమ్మ ఏడుస్తూ, నవ్వుతూ రెండు చేతులతో అతని చెయ్యి పట్టుకుంది.

అతను సిగ్గుపడి చెయ్యి లాక్కున్నాడు.

"నన్నెందుకు పిలిసినావు వదినా? అన్న ఇంకా ఆ సెట్టు కిందే కూకున్నాడు, పేరెట్టి పిలుత్తావని."