వారంటీ మనిషి

"జయప్రకాష్ ఇల్లు ఇదేనా తల్లీ?"

గేటు బయట నిలబడి అడిగాడు ఆ మనిషి.

చంకలో తోలుసంచి. నలిగిన చొక్కా. చెప్పుల నిండా దుమ్ము. హిందూపురం బస్టాండు నుంచి ఎండలో నడిచి వచ్చినట్టున్నాడు.

పుష్ప గేటు తెరవలేదు.

"ఎవరప్పా నువ్వు? యాడినుంచి వస్తాండావు?"

"బెంగళూరు. మీ ఆయనతో మాట్లాడల్ల. వారంటీ విషయం."

పుష్ప చెవికి వినబడింది ఒకటే.

వారెంటు!

కొన్నాళ్ళుగా ఆమె భయమంతా ఆ మాటే. మొగుడు ఊరిబయట ప్లాట్లు అమ్మిపెడతాడు. ఎవరివో హద్దురాళ్ళు పీకేశాడని పెనుకొండ కోర్టులో కేసు. వాయిదాలకు పోవడం మానేశాడు. "ఇంక వారెంటే. వచ్చి పట్టుకుపోతారు" అని లాయరు అన్నప్పటి నుంచి ఆమెకు ముద్ద దిగడం లేదు. ఎవరొచ్చినా ఊర్లో లేనని చెప్పమని మొగుడు నేర్పిపెట్టాడు.

"ఆయప్ప ఊర్లో లేడు."

"కారు ఉండాదా?"

దానిమీద కూడా కన్ను పడిందా!

నల్లటి జర్మనీ కారు. నేలకు ఆనుకొని పాకుతున్నట్టుంటుంది. బెంగళూరులో సెకండ్ హ్యాండులో కొన్నాడు. "పాతదైతే ఏమి? రెండేండ్లు గ్యారంటీ. ఇంజను పోయినా, బ్రేకు పోయినా షోరూమోళ్ళదే పూచీ" అని వీధి వీధంతా చెప్పుకున్నాడు. మిక్సీకి ఇచ్చినట్టే కారుకూ గ్యారంటీ ఇస్తారని పుష్పకు అప్పుడే తెలిసింది.

"మాకు కారే లేదు."

"అట్లనొద్దు తల్లీ. ఊరంతా ఈ ఇల్లే చూపిస్తాండారు. ఆ కారు నడపగూడదు. లారీ మీద వేసుకొని నేను తీసుకుపోతా."

"ఎవరు పంపినారు నిన్ను?"

"ఎవరూ పంపలేదు. నేనే వచ్చినా."

పక్కింటి నారాయణమ్మ గోడ మీదుగా తొంగి చూసింది.

"ఎవరే పుష్పా?"

"వారెంటు తెచ్చినాడక్కా. కారు జప్తు చేస్తాడంట!"

నారాయణమ్మ అతన్ని కిందినుంచి మీదికి చూసింది.

"బస్సులో వచ్చి కారు పట్టుకుపోతాడా? ఏమప్పా, నీ ముఖానికి సైకిలైనా ఉండాదా?"

ఆ మనిషి నవ్వలేదు. కోపమూ తెచ్చుకోలేదు.

"దుడ్లు అడిగేకి రాలేదమ్మా. ఆయన ఫోన్ నెంబరైనా ఇయ్యండి. నా కండ్లారా చూసినా..."

"ఏం చూసినావు? మా ఆయన ఏ రాళ్ళూ పీకలేదు!"

"రాళ్ళేంది తల్లీ? ప్రాణాలు పోతాయని చెప్తాండా!"

"బెదిరిస్తాండావా? కేకలేస్తే వీధంతా వస్తాది!"

అతను వెనక్కి తగ్గాడు. రెండు చేతులూ జోడించాడు.

"యాడుండాడో అదన్నా చెప్పు."

"ముదిగుబ్బలో మా ఆడబిడ్డ ఇంటికి పోయినాడు. పో, ఆడికి పో."

ముదిగుబ్బలో ఆమెకు ఆడబిడ్డే లేదు.

అతను వీధి మలుపు తిరిగేదాకా ఆగి, పుష్ప ఫోన్ చేసింది. జయప్రకాష్ ధర్మవరంలో ఉన్నాడు.

"ఏమయ్యా, వారెంటు వచ్చింది. ఇంటికి రావద్దు."

"పోలీసోళ్ళా?"

"మామూలు గుడ్డల్లో వచ్చినాడు. కారు నడపగూడదంట. నడిపితే ప్రాణాలు పోతాయంట."

జయప్రకాష్ పెద్దగా నవ్వాడు.

"నడపకుండా పెడితే పట్టుకునేకి సులువు కదా వానికి! వాళ్ళ జీపుకు నా కారు దుమ్ము కూడా అందదు. సాయంత్రానికి బెంగళూరులో ఉంటా."

"బిరీన పోవయ్యా. యాడా నిలపొద్దు."

ఆ మాట ఆమె నోటినుంచే వచ్చింది.

పెనుకొండ దగ్గర మలుపులో గొర్రెల మంద అడ్డమొచ్చింది. బ్రేకు తొక్కితే పట్టలేదు. కారు కల్వర్టుకు గుద్దుకుంది.

పుష్ప పెనుకొండ ఆసుపత్రికి చేరేసరికి మొగుడి ముఖం మీద గుడ్డ కప్పేశారు.

వరండాలో ఆ మనిషి నిలబడి ఉన్నాడు. చొక్కా నిండా రక్తం.

పుష్ప ఆ చొక్కానే పట్టుకుంది.

"నువ్వే చంపినావు! నీ వారెంటుకు భయపడే నా మొగుడు పరిగెత్తినాడు!"

కానిస్టేబుల్ అడ్డమొచ్చి విడిపించాడు.

"ఏం వారెంటమ్మా? మీ ఆయన మీద వారెంటే లేదు. ఈయన పోలీసూ కాదు. ముదిగుబ్బకు పోతాండిన బస్సు నిలిపించి, కారులో ఇరుక్కున్న మనిషిని బయటికి లాగింది ఈయనే."

"వారెంటని ఈయన నోటితోనే చెప్పినాడు సార్!"

"వారంటీ అన్నా తల్లీ," అన్నాడు ఆ మనిషి. "షోరూమోళ్ళు మీకిచ్చిన పూచీ. అది ఉత్తదని చెప్పేకి వచ్చినా."

"గ్యారంటీనా?"

"అదే. మీరు కొనకముందే ఆ కారు బ్రేకు పట్టక, గుద్దుకొని నుజ్జయింది. గ్రేస్ అని ఒక కాలేజీ పిల్ల పోయింది. తుక్కు కింద కొన్నోళ్ళు పైన రంగేసి మీకు అమ్మినారు. మొన్న బెంగళూరులో రోడ్డు మీద అదే నెంబరు కారు కనబడింది. షోరూములో అడిగితే మెడ పట్టి గెంటినారు. హిందూపురం పోయిందని మాత్రం తెలిసింది."

పుష్పకు అర్థమైంది. అయినా నోరు ఊరుకోలేదు. ఎవరినో ఒకరిని తిట్టకపోతే ఆ నేరం తనదే అవుతుంది.

"ఎవరో పిల్ల పోతే, ఇంకెవరో ఆ కారు కొనుక్కుంటే, మధ్యలో నీకేమప్పా? బస్సెక్కి ఇంతదూరం ఎందుకొస్తివి?"



"ఆ పిల్లకు ఆ కారు కొనిచ్చింది నేనే తల్లీ," అన్నాడు, "గ్రేస్ నా బిడ్డ."