ఠాణాలో పోయిన మోపెడ్

రాళ్లవాగు పోలీస్ ఠాణాలో దొంగలు పడ్డారు. అదీ సోమవారం మిట్టమధ్యాహ్నం, హెడ్ కానిస్టేబుల్ పురుషోత్తం లోపల టిఫిన్ డబ్బా విప్పుకుని పప్పుచారు కలుపుకుంటుండగా. చెయ్యి కడుక్కుని బయటికొచ్చేసరికి గోడ పక్కన ఉండాల్సిన కరెంటు మోపెడ్ లేదు.

పోయింది ఏ పెద్దమనిషి కారో అయితే ఠాణాకు కాస్త పరువైనా దక్కేది. పోయింది గంగారం ఊరవతల తండా నుంచి కూరగాయలు తెచ్చి అమ్ముకునే భద్రమ్మ బండి. ఆర్నెల్ల కిందట నెంబర్ లేదని దాన్ని పట్టుకొచ్చింది పురుషోత్తమే. అప్పటి నుంచి ఆమె వారం వారం వచ్చి, ఠాణా అరుగు మీద కూర్చుని బండి అడుగుతూనే ఉంది. పోయి నెంబర్ తెచ్చుకొమ్మని వీళ్లు తరుముతూనే ఉన్నారు.

ఎస్సై మహీధర్ తల పట్టుకున్నాడు.

"శుక్రవారం సీఐ సారు తనిఖీకి వస్తుండు. ఠాణాల నుంచే బండి పోయిందంటే ఫస్టు నీ నౌకరికే ముప్పు. దొంగ దొరకకుంటే మానె, అప్పటికల్లా కేసన్నా కట్టు."

పురుషోత్తం రిటైర్మెంటుకు రెండేళ్లుంది. పరుగున, కేసులు రాసే రైటర్ రాజేశ్ దగ్గరికి పోయాడు. రాజేశ్ నాలుగు మీటలు నొక్కి, కంప్యూటర్ ఇటు తిప్పి చూపించాడు.

"అన్నా, బండి నెంబర్ గడి నింపనిదే గిది ముంగటికి పోతలేదు."

"నెంబర్ లేదనే కదరా పట్టుకచ్చింది!"

"నెంబర్ లేని బండి పోయినట్టు రాయొస్తలేదన్నా. నేనేం జెయ్యాలె?"

అంటే పోయిన బండికి ముందు నెంబర్ పుట్టించాలి, ఆ తర్వాత అది పోయిందని రాసుకోవాలి. మంగళవారం పొద్దున్నే పురుషోత్తం రవాణా ఆఫీసు మెట్లెక్కాడు. పట్టుకున్న రోజు సెల్‌ఫోన్లో తీసిన ఫొటో చూసి గుమస్తా శ్రీపాల్ నవ్వాడు.

"గిది గంటకు ఇరవై అయిదు కిలోమీటర్లు దాటని బండి సారూ. దీనికి రిజిస్ట్రేషనే అక్కర్లేదు. ఇసొంటి దాన్ని పట్టుకున్న మహానుభావుడు ఎవలు?"

పురుషోత్తం దగ్గాడు. "అక్కర్లేదని జర కాయితం రాసియ్యరాదు?"

"రాసిస్త. బండి నెంబర్ చెప్పుండ్రి."

గంటసేపు బతిమాలాక, రిజిస్ట్రేషనే కావాలంటే బండి అమ్మిన దుకాణం కాయితాలు తెమ్మన్నాడు. దుకాణం జనగామలో. అక్కడికి పోతే దానికి తాళం. యజమాని బావమరిది పెళ్లికి భూపాలపల్లి పోయాడట. బుధవారం మూడు బస్సులు మారి పురుషోత్తం యూనిఫాంతోనే పెళ్లి పందిట్లో దిగాడు. ఆయన్ని చూసి పెళ్లికొడుకు పీటల మీంచి లేచి నిలబడ్డాడు. తలంబ్రాల పసుపు అంటిన చేత్తోనే యజమాని సంతకాలు గీకి, దండం పెట్టి పంపించాడు.

అసలు గండం తండాలో ఉంది. దరఖాస్తు మీద భద్రమ్మ సంతకం కావాలి. బండి పోయిందని చెబితే ఆమె పదిమందిని పోగేసుకుని ఠాణా ముందు కూర్చుంటుంది. గురువారం తెల్లారగానే పోయి, గుమ్మం ముందు నిలబడి ముఖాన నవ్వు పులుముకున్నాడు.

"నీ తిప్పలు చూడలేక నేనే నెంబర్ తెప్పిస్తున్న భద్రమ్మా. గీడ సంతకం పెట్టు."

ఆమె కాగితాలు అందుకుంది. "నా బండి మంచిగున్నదా సారూ?"

"మస్తుగున్నది. దినాం తుడిపిస్తున్న."

అడిగిన చోటల్లా సంతకం పెట్టి, ఆధార్ కాగితమిచ్చి, పెద్ద గ్లాసుడు మజ్జిగ తెచ్చింది. "నీ కడుపు సల్లగుండ. ఇంత ఎండల నా కోసం తిరుగుతున్నవు." పురుషోత్తం తల వంచుకుని మజ్జిగ తాగాడు. సర్వీసులో ఎన్ని అబద్ధాలాడినా ఇంత సిగ్గు ఎప్పుడూ పడలేదు.

ఆ మధ్యాహ్నమే మళ్లీ రవాణా ఆఫీసు. బండిని కళ్లతో చూడందే కుదరదన్నాడు శ్రీపాల్. బండి సాక్ష్యం కింద ఠాణాలో ఉందని, బయటికి తీస్తే నేరమని పురుషోత్తం దబాయించాడు. గొడవ విని లోపలి నుంచి పెద్ద సారు వచ్చాడు. ఫొటో చూశాడు, యూనిఫాం చూశాడు, శ్రీపాల్‌ను పక్కకు పిలిచాడు.

"పోలీసోళ్లే నెంబర్ ఇయ్యిమంటున్నరంటే కొత్త జీవో ఏదో వచ్చుంటది. మనం సూడలేదంటే మనకే మాట. ఇచ్చి పంపియ్యి."

సాయంత్రానికల్లా నెంబర్ వచ్చింది. దాంతోపాటు ప్లేటు కూడా పురుషోత్తం చేతికొచ్చింది.

శుక్రవారం పొద్దున రాజేశ్ ఆ నెంబర్ కొట్టగానే కంప్యూటర్ బుద్ధిగా ముందుకు కదిలింది. సదరు బండిని గుర్తు తెలియని వ్యక్తులు అపహరించిరి. కేసు కట్టేశారు. సీఐ రావడానికి ఇంకా అరగంట టైముంది. పురుషోత్తం చెమట తుడుచుకుంటూ, ప్రాణం కుదుటపడి, చేతిలో ఆ ప్లేటుతోనే అరుగు మీదికొచ్చాడు.

మెట్ల ముందు చప్పుడు లేకుండా ఒక మోపెడ్ వచ్చి ఆగింది. వెనక టమాటల గంప. ముందు భద్రమ్మ.

"సారూ, నెంబర్ వచ్చిందని నా ఫోనుకు మెసేజ్ కొట్టిండ్రు. ఆ ప్లేటు గిటియ్యి, బిగించుకుంట."

పురుషోత్తం బండిని చూశాడు, ఆమెను చూశాడు, లోపల ఇంకా వెలుగుతున్న కంప్యూటర్ వైపు చూశాడు.

"నీ బండిని... నువ్వే ఎత్తుకపోయినవా?"

"మరేం జెయ్యాలె సారూ?" అంది భద్రమ్మ, ఆయన చేతిలోంచి ప్లేటు మెల్లగా లాక్కుంటూ. "నెంబర్ లేకుంటే దొంగతనం కేసు గూడ ఎక్కదని మొన్నొకనాడు గీ అరుగు మీద కూసున్నప్పుడు మీ రైటర్ సారు ఎవలికో చెప్తుంటే ఇన్న. నేను ఆర్నెల్లు తిరిగితే కాలే, బండి పోతె మీరే తిరిగి తెస్తరనుకున్న!"