తోట చుట్టూ వెంట్రుకలు

బీరపాదు మొదట్లో గుప్పెడు వెంట్రుకలు కనబడ్డాయి మనోరమకు.

నల్లవీ తెల్లవీ కలగలిసి ఉన్నాయి. కంచె వెంట నడిచి చూసింది. అంతటా అవే.

నీళ్ల బిందె అక్కడే వదిలేసి, ఇంట్లోకొచ్చి గొళ్లెం పెట్టుకుంది. అప్పుడామె ఆరు నెలల చూలాలు.

బొంబాయి చాల్‌లో, ఇరుకు గదుల వరసలో పుట్టి పెరిగిన మనిషి. మిల్లు మూతబడి, భర్త శివకుమార్‌కు జహీరాబాద్‌లో ఫ్యాక్టరీ పని దొరికితే, ఊరి బయట చెరుకుతోట అంచున ఈ అద్దె ఇంటికి వచ్చారు. బొంబాయిలో తొలి కాన్పు దక్కలేదు. ఈసారైనా నిలుస్తుందో లేదోనని ఆమెకు ఒకటే గుబులు. ఆ గుబులు మరవడానికే పెరట్లో బీర, చిక్కుడు, గెనుసుగడ్డలు పెట్టింది.

ఇక్కడ మనసు కుదురుగా ఉంటే కదా. నెమలి వచ్చి టమాటా పొడిస్తే ఉలికిపడేది. తొండ తలాడిస్తే లోపలికి ఉరికేది. ముంగిస గోడ దాటితే, దాని ముందు పాము పోయిందేమోనని పొద్దంతా వెతికేది.

ఇప్పుడు వెంట్రుకలు.

పక్కింటి సీతాబాయి కూడా కొత్తగా వచ్చినామే, లాతూరు మనిషి. చూస్తూనే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఇది బాణామతి. చూలాలి ఇంటి చుట్టూ ఎంట్రుకలు ఇంక దేనికి ఏస్తరు?"

ఆ ఏడు ఆ చుట్టుపక్కల ఊళ్లలో అదే మాట. ఎవరికి జ్వరం వచ్చినా చేతబడి అనేవారు.

"మాకు ఎవలతోని పగ అక్కా? మొన్ననే వస్తిమి."

"పగ ఉండాల్నా? కడుపు పండితే సాలు, కండ్లు మండుతయి."

మనోరమ కిటికీ దగ్గర కాపు కాసింది. ఒక పొద్దున ఒక ముసలాయన గోనెసంచితో కంచె పక్కన వంగి కనిపించాడు.

"ఏయ్. ఏం జల్లుతున్నవ్?"

ముసలాయన ఉలకలేదు. మెల్లగా నడుము ఎత్తాడు.

"ఎంట్రుకలు బిడ్డా. ముట్టె పెడితే ముక్కులకు పోతయి. పందులు రావు."

"ఏ పందులు? మేమొచ్చినకాన్నుంచి ఒక్క పందిని చూడలే."

"సూడొద్దనే."

అతను సంచి మూతి ముడేశాడు. పోబోతూ ఆగాడు.

"పొద్దుగాల ఒక్కదానివే తోటల తిరుగుతవు. ఒట్టి మనిషివి గూడ గాదు. జర ఎండ పొడిచినంక రా బిడ్డా."

మనోరమ కడుపు మీదికి కొంగు లాక్కుంది.

"నేను ఎప్పుడు తిరుగుతనో నీకెట్ల ఎరుక? నా కడుపు మీద నీ కన్నెందుకు?"

ముసలాయన సంచి భుజానికెత్తుకున్నాడు.

సీతాబాయి కేకకు నలుగురూ పోగయ్యారు. డ్యూటీకి బయలుదేరిన శివకుమార్ వెనక్కి వచ్చాడు.

"ఎవలయ్యా నువ్వు?"

"సదాశివ. బస్టాండుకాడ కటింగ్ చేస్త."

"కటింగ్ చేసెటోనికి మా పెరట్ల ఏం పని?"

ఎవరో సంచి గుంజి కింద కుమ్మరించి అగ్గిపుల్ల గీశారు. కమురు వాసన గుప్పున లేచింది.

"మళ్ల ఈ దిక్కు వస్తే కాళ్లు ఇరుగుతయ్" అన్నాడు శివకుమార్.

"రాను గని, కంచెకు జర ముండ్లకంపన్న కొట్టుకోండి" అని వెళ్లిపోయాడు సదాశివ.

మనోరమ తోటంతా చీపురు పట్టి ఊడ్చింది. ఒక్క వెంట్రుక మిగలనివ్వలేదు. ఆ రాత్రి కంటినిండా నిద్ర పోయింది.

వానలు వెనకబట్టాక ఒక పొద్దున ఆమె చిక్కుడుకాయలు తెంపుతోంది. చెరుకు ఆకులు కదిలాయి. నెమలే అనుకుంది.

కంచె విరిగింది. కోరలు ముందు, మొద్దు నలుపు ఒళ్లు వెనక.

ఎలా ఎక్కిందో, మనోరమ నీళ్ల తొట్టి గోడ మీద ఉంది. పంది కిందనే బుసకొడుతూ తిరిగింది. సీతాబాయి దబదబా పళ్లెం కొడితే, గెనుసుగడ్డల మడి తిరగేసి పోయింది.

మనోరమ దిగలేదు. కడుపు మీద చెయ్యి వేసుకుని, బిడ్డ కదిలేదాకా అక్కడే కూర్చుంది.

ఆ పూటే మొగుడూ పెళ్లాలిద్దరూ బస్టాండుకు పోయారు. వేపచెట్టు కింద కటింగ్ కుర్చీ లేదు. పక్కన చాయ్ హోటల్ జబ్బార్‌ను అడిగారు.

"సదాశివన? బీదర్ దిక్కు పోయిండు."

"ఎప్పుడొస్తడు?"

"ఇంకేం వస్తడు? బాణామతి చేస్తడని ఎవలో పుకారు లేపిన్రు. మెడ మీద కత్తి పెట్టేటాయన గద, ఆ మాట పుట్టినంక గడ్డం ఎవలు అప్పజెప్తరు?"

శివకుమార్ చెప్పుల కేసి చూసుకున్నాడు. మనోరమే అడిగింది.

"మేం ఆయనకు ఏమీ కాము. మా తోట కోసం ఎందుకు తిరిగిండు?"

జబ్బార్ గ్లాసు కడగడం ఆపాడు.

"ఆ చెరుకు అంచుకున్న ఇల్లు మీదేనా బేటీ?"

"ఔ."

"ఆ జాగల ఆయన గుడిసె ఉండె. పెండ్లాం నిండు నెలల మనిషి. పొద్దుగాల కూరాకు తెంపబోయింది. చెరుకులకెళ్లి పంది ఉరికొచ్చింది."

పొయ్యి మీద చాయ్ పొంగింది. జబ్బార్ దాన్ని దించాడు.

"ఆయన మంగలాయన గాదు బేటీ, ఆ చెలక దున్నిన రైతు; కులపోళ్లు వెలేస్తమన్నా ఇనకుంట, ఆ ఎంట్రుకల కోసమే కత్తెర పట్టిండు."