డబ్బాలోని కాగితం

"ఆగుండ్రి! ఆ సంతకం చెల్లదు. మా నాయినకు పిచ్చి!"

ఎల్బీనగర్‌లో రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదురుగా దస్తావేజులు రాసే ఉపేంద్ర గది అది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి బండి ఉరికించుకుంటూ వచ్చాడు మహేందర్. కోపమొస్తే అతనికి ముక్కు ముందు వస్తుంది, మనిషి తర్వాత చేరతాడు. ఆ రోజు రెండూ ఒకేసారి గడప దాటాయి.

తండ్రి గోపయ్య కలం పట్టుకుని కూర్చున్నాడు. పక్కన చెల్లెలు జ్యోతిక. బల్ల మీద కర్మన్‌ఘాట్ ప్లాటు కాగితాలు. నూట యాభై గజాలు, జ్యోతిక పేర. ఒక్క సంతకం పడిందా, ప్లాటు మహేందర్ చేతికి దక్కనట్టే.

"పిచ్చా? ఎవలు చెప్పిండ్రురా?" అన్నాడు గోపయ్య.

మహేందర్ మాత్రల డబ్బా తీసి బల్ల మీద కొట్టాడు.

"గిది చెప్పింది! పొద్దున నీ పెట్టెల దొరికింది. మందుల దుకాణపోన్ని అడిగిన. పిచ్చోళ్ళకిచ్చే గోలీలన్నడు."

"నిద్రకిచ్చిండ్రన్నా అవి," అంది జ్యోతిక.

అది నిజమే. గోపయ్య ముప్పై ఏళ్ళు రాత్రిపూట లారీ తోలాడు. పని మానేశాడు గానీ ఆ కబురు ఒంటికి చేరలేదు. మంచం మీద పడుకుంటే సూర్యాపేట వచ్చేది, కోదాడ వచ్చేది, కునుకు మాత్రం వచ్చేది కాదు. ఓ రాత్రి భార్య అండాలమ్మ మోకాలే గేరనుకుని రివర్సు వేశాడనీ, ఆమె గోడదాకా వెనక్కి పోయిందనీ వాడకట్టంతా చెప్పుకుంది.

మలక్‌పేటలో ఒక డాక్టరు చూశాడు. "పెద్ద మోతాదులో ఇది మనసు జబ్బుల మందు. నిద్రకని కంపెనీ వాళ్ళు రాయలేదు. అయినా నీకు చిన్న మోతాదులో ఇస్తున్నా. నాకు చూపించుకుంటూ వాడు" అని విడమర్చి చెప్పి మరీ ఇచ్చాడు.

జ్యోతిక ఆ మాటే చెప్పింది. మహేందర్ వింటేగా! డబ్బాలోంచి మడతల కాగితం లాగాడు. విప్పితే తలపాగా అంతయింది.

"కంపెనీ కాయితం ఇది. చదువు! అన్నీ పిచ్చి జబ్బులే రాసిండ్రు. నిద్ర అన్న మాట ఏడున్నదో చూపియ్యి!"

ఉపేంద్ర కళ్ళజోడు పెట్టుకున్నాడు. "ఇదిగోనండీ, అడుగున ఉంది. వాడితే మత్తుగా ఉంటుందని."

"అది మందు చేసే నష్టాల కింద రాసిండ్రు సార్! అంటే నిద్ర కూడ ఒక రోగమే ఈయనకు!" చెల్లెలి వైపు తిరిగాడు. "పిచ్చోనికి రెండు ముద్దలు పెట్టి ప్లాటు రాయించుకుంటున్నవా? సిగ్గుండాలె."

"నోరు మంచిగ పెట్టుకో అన్నా. నాయినకు పిచ్చైతే నువ్వు పిచ్చోని కొడుకువే."

"నువ్వేం తక్కువ? పిచ్చోని బిడ్డవు!"

"అయ్యా, తిట్టుకోవడానికి బయట బోలెడు చోటుంది," అన్నాడు ఉపేంద్ర. "అభ్యంతరముంటే రాసివ్వు బాబూ. ఎప్పటినుంచి పిచ్చి అని రాయమంటావు? మొన్నటినుంచి అంటే ఆఫీసరు నవ్వుతాడు."

మహేందర్ దానికీ సిద్ధపడే వచ్చాడు. చంకలోంచి డాక్టరు చీటీల కట్ట తీసి అన్నిటికన్నా అడుగుదాన్ని లాగాడు.

"తారీఖు చూడుండ్రి. ఐదేండ్లు! ఐదేండ్ల సంది ఈయనకు మతి లేదు."

గోపయ్య కలం కింద పెట్టాడు. "ఐదేండ్లారా? జర సోచాయించు కొడకా. ఓ ఏడాదని రాసుకో, సాలదా?"

"పిచ్చికి బేరమేంది? ఐదేండ్లు!"

"అన్నా, నువ్వు..." అని జ్యోతిక ఏదో అనబోయింది.

"నువ్వు ఊకో బిడ్డా," అన్నాడు గోపయ్య. "మీ అన్న సదువుకున్నోడు. నాకంటె లెక్క తెల్సినోడు."

ఉపేంద్ర రాయడం మొదలుపెట్టాడు. మహేందర్ అతని భుజం మీదుగా వంగి చూశాడు.

"ఇంకో ముక్క కలపుండ్రి సార్. మా చెల్లె ఇంతకుముందే సాటుంగ ఏమేం రాయించుకున్నదో! ఈ ఐదేండ్లల్ల ఆయన ఎవలకు ఏది రాసిచ్చినా చెల్లదని పెట్టుండ్రి."

"ఎవరికి రాసిచ్చినా అనేనా బాబూ?"

"ఎవలకైనా! మీకు తెలుగు రాదా?"

ఉపేంద్రకు తెలుగు వచ్చు. అన్నది అన్నట్టే రాసి, పైకి చదివి వినిపించాడు. మహేందర్ సంతకం గీకాడు. అది చాలదన్నట్టు బొటనవేలు కూడా అద్దాడు.

"సాచ్చి సంతకం నేను పెడుదునా?" అన్నాడు గోపయ్య.

"పిచ్చోని సాక్ష్యం ఎట్ల చెల్లుతది?"

"అదీ నిజమే. సారూ, మీరే పెట్టుండ్రి."

ఉపేంద్ర తలెత్తకుండా పెట్టాడు. గోపయ్య జ్యోతిక కాగితాలు మడిచి పక్కకు నెట్టాడు.

"ఇయ్యాలకు ఇవి ఉండనియ్యుండ్రి. గా కొడుకు రాయించిన కాయితం నాకియ్యుండ్రి."

"తీస్కో," అని నవ్వాడు మహేందర్. "ఫ్రేము కట్టించుకో."

గోపయ్య దాన్ని చొక్కా జేబులో పెట్టి గుండీ వేసుకున్నాడు.

పొద్దున మహేందర్ తాళం వేసి వచ్చిన దిల్‌సుఖ్‌నగర్ రెండంతస్తుల ఇంటిని గోపయ్య అతని పేర రాసిచ్చింది మూడేళ్ళ కిందట.