బీరన్న కళ్లు

కాకి రాలేదు.

బీరన్నను పూడ్చిన బొంద పక్కన విస్తరి పెట్టి రెండు గంటలైంది. విస్తరిలో మటన్ కూర, కల్లు, బీడీ కట్ట, ఆయనకు ప్రాణమైన బెల్లం చాయ. అన్నీ చల్లారిపోయాయి. మూడో రోజు పిట్టకు పెట్టినప్పుడు కాకి ముట్టకపోతే, పోయినవాడికి ఏదో కోరిక మిగిలిపోయినట్టు. అది తీరుస్తానని కొడుకు నోటితో మాట ఇవ్వాలి. అప్పటిదాకా చుట్టాలెవరూ కదలరు, మెతుకు ముట్టరు.

వేములపల్లి కాకులన్నీ ఆ పూట మిర్యాలగూడ రైసుమిల్లులకు నౌకరీకి పోయినట్టున్నాయి. ఒక్కటి మాత్రం కరెంటు తీగ మీద వాలింది. విస్తరిని చూసింది, మల్లేష్‌ను చూసింది, ఎగిరిపోయింది.

తడి ధోవతితో, నల్లద్దాలతో మధ్యలో నిలబడ్డాడు మల్లేష్. బీరన్నకు ఒక్కడే కొడుకు. చుట్టూ నలభై మంది. కాళ్ల కింద ఇసుక కాలుతోంది. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచినట్టున్నాయని, అందుకే అద్దాలు తీయడం లేదని అందరూ జాలిపడుతున్నారు.

పెద్దనాయన పర్వతాలు ఒక్కొక్క కోరికా అందిస్తుంటే మల్లేష్ మాట ఇస్తూ పోయాడు. అమ్మను మంచిగా చూసుకుంటానన్నాడు. బీరప్ప పండుగ ఆపనన్నాడు. మంద అమ్మనన్నాడు.

"మంద సంగతి వీనికి జెప్పక్కర్లే" అన్నాడు పర్వతాలు. "వీని సూపు సల్లనిది. మూడేండ్లల్ల గొర్లు రెండింతలైనయి."

కాకి రాలేదు.

బీరన్న కళ్లంటే ఆ చుట్టుపక్కల పేరున్న కళ్లు. వేములపల్లి కాలువ కట్ట మీద కూర్చుని, హుజూర్‌నగర్ సంతలో తన గొర్రెను అమ్ముతున్న దొంగను గుర్తుపట్టానని చెప్పేవాడు. మధ్యలో అంత దూరముంది గదా అంటే, ఆ రోజు మబ్బు లేదనేవాడు. మూడేళ్ల కిందట కొడుకును తోలుకుని పట్నం పోయి, నెల రోజులుండి వచ్చాడు. అన్ని రోజులు ఏం చేశారంటే, గొర్లదొడ్డికి చార్మినార్‌ను కౌలుకు మాట్లాడుతుంటే ఆలస్యమైందన్నాడు.

ఆ వచ్చేటప్పుడే తలపాగలో ఒక కార్డు దోపుకొచ్చాడు. చచ్చిపోయాక తన కళ్లు తీసుకొమ్మని వేలిముద్ర వేసిన కార్డు.

బీరన్న పోయిన రోజు ఆ కార్డు మీది నంబరుకు ఫోన్ చేసింది కోడలు ఉమ. ఆమె ఆ ఇంట అడుగుపెట్టి రెండేళ్లే అయినా మామ మాటంటే గురి. గంటన్నరలో సూర్యాపేట నుంచి సుధ అనే అమ్మాయి ఐసు పెట్టెతో వచ్చింది. ఆరు గంటల లోపే తీసుకోవాలంది. కార్డు ఉన్నా సరే, ఇంటివాళ్ల సంతకం లేనిదే ముట్టుకోనంది.

పర్వతాలు అడ్డం నిలబడ్డాడు.

"కండ్లు లేకుంటె పైన మా తమ్మునికి తొవ్వెట్ల దొరుకుతది? అయినా పీనుగు కన్ను పెట్టుకున్నోడు మందల అడుగు పెడితే ఒక్క గొర్రె మిగులుతదా? గా పాపం గూడ మనకేనాయె."

నిజమేనన్నారు అందరూ. బీరన్న భార్య భద్రమ్మ కూడా తలూపింది.

సుధ కాగితం తెచ్చి మల్లేష్ ముందు పెట్టింది. "సంతకం మీది. మీరు వద్దంటే వెళ్లిపోతాను" అంటూ, ఎక్కడో చూసిన మనిషిలా ఉన్నాడే అన్నట్టు అతని మొహంలోకి చూసింది. మల్లేష్ తల తిప్పుకున్నాడు. జేబులోంచి నల్లద్దాలు తీసి పెట్టుకున్నాడు.

"వద్దు మేడం. పోండ్రి."

ఆ అద్దాలు ఇంతవరకూ తీయలేదు.

ఇప్పుడు ముందు బొంద. వెనుక బంధువులు. నెత్తిన ఎండ. షుగరున్న ముసలివాళ్లు ఒక్కొక్కరే కూలబడుతున్నారు. ఉమ పక్కకొచ్చి గుసగుసగా అంది.

"కండ్ల సంగతేనని నీకూ ఎర్కే, నాకూ ఎర్కే. ఒప్పుకో."

"ఒప్పుకుంటె ఏమొస్తది? అవి మన్నుల కలిసినయి."

"నీవి ఇస్తనని మాటియ్యి. నీ పానం పోయినంకనే గద."

మల్లేష్ జారుతున్న అద్దాలను పైకి నెట్టుకున్నాడు. భద్రమ్మ పొద్దుటి నుంచి గుక్కెడు నీళ్లు కూడా తాగలేదు. కొడుకు కాళ్ల దగ్గరకు పాక్కుంటూ వచ్చింది.

"కొడుకా, మీ నాయినను గీడనే నిలబెట్టకురా."

అతడు మోకాళ్ల మీద కూలబడ్డాడు. బొంద మీద చెయ్యి పెట్టాడు.

"నాయినా, నీ కండ్లు ఇయ్యనియ్యలే. తప్పయింది. నేను పోయిన్నాడు నాది ఒకటి ఇస్త."

ఎవరో కిసుక్కున నవ్వారు.

"ఒకటా?" అన్నాడు పర్వతాలు. "కన్న తండ్రి తోటి గూడ గొర్ల బేరమేనారా? రెండోది ఎవనికి దాస్తున్నవ్?"

ఉమ సిగ్గుతో చచ్చిపోయింది. రెండు అనమని వీపు మీద గిల్లింది.

"ఒకటే" అన్నాడు మల్లేష్.

తుమ్మచెట్టు మీది నుంచి దిగింది కాకి. బెల్లం చాయ వంక కూడా చూడకుండా పెద్ద మటన్ ముక్క ఎత్తుకుని పోయింది. నలభై మందీ ఒక్కసారి ఊపిరి వదిలారు. ఎంత పిసినారి కొడుకో చూడమని చెప్పుకుంటూ బువ్వల దగ్గరకు నడిచారు.

అందరూ పోయాక మల్లేష్ అద్దాలు తీసి, మొలలో దోపుకున్న చిన్న సీసా బయటికి లాగి, మూడేళ్ల కిందట ముక్కూమొహం తెలియని ఏ తల్లో తన కొడుకు శవం పక్కన సంతకం పెట్టి ఇచ్చిన కుడికంట్లో రెండు చుక్కల మందు వేసుకున్నాడు.